నంబరున్న ఎలకలు

మా నాన్న లాజరు ఎలకలు పట్టేవాడు. నేను ఎలకల్ని లెక్కపెట్టేదాన్ని. ఈ రెండు పనులకీ మధ్య ఒక బి.ఎస్సీ. డిగ్రీ, కొత్తపేట నుంచి అమలాపురం కాలేజీకి మూడేళ్లపాటు నేను వేలాడిన బస్సులూ ఉన్నాయి. మా ఊరివాళ్లకి మాత్రం తేడా ఏమీ కనబడలేదు. "లాజరు కూతురు కూడా ఎలకల్లోకే వచ్చిందంట" అన్నారు. కొండను తవ్వి ఎలకను పట్టడం అంటే ఇదేనని ఊళ్లో పెద్ద ఆసామి సత్తిరాజుగారు మా నాన్న మొహం మీదే నవ్వారు. మా నాన్న కూడా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. నాకు ఒళ్లు మండడానికి పెద్ద కారణం అక్కర్లేదని మా అమ్మ కృపమ్మ అంటుంది, అలా అన్నందుకు కూడా మండుతుంది.

అది ఎనభై రెండులో దాళ్వా, రెండో పంట కాలం. వరి పొట్ట మీద ఉంది. చేలల్లో ఎలకలు ఎన్ని ఉన్నాయో తేల్చే వ్యవసాయశాఖ సర్వేలో నాకు ఆరు నెలల టెంపరరీ ఉద్యోగం దొరికింది. మా వీధిలో చీరకట్టి ఆఫీసు పని చేసిన మొదటి ఆడపిల్లని నేనే. అది ఆరు నెలల ముచ్చటగా మిగులుతుందో, పర్మనెంటు అవుతుందో ఒక్క రిపోర్టు మీద ఉంది. నాకంటే ముందు రాజోలు వైపు వీరబాబు అనే అతను ఇదే పని చేశాడు. యాభై ఐదు ఎలకల్ని పట్టి, గుర్తు వేసి వదిలాడు. మళ్లీ బోనులు పెడితే గుర్తున్నది ఒక్కటీ పడలేదు. లెక్క రాలేదు. వీరబాబుని ఇంటికి పంపేశారు. అతనిప్పుడు కొబ్బరికాయల లారీ వెనకాల తిరుగుతున్నాడని మా ఆఫీసరు ఆనందరావుగారు నన్ను చేర్చుకున్న రోజే చెప్పారు. భయపెట్టడానికి చెప్పారో, ఊరికే చెప్పారో తెలియదు. భయం మాత్రం వేసింది.

నాకిచ్చింది సత్తిరాజుగారి పదెకరాల వరిచేను. ఎనభై తీగబోనులు, ఒక పెట్టె నిండా అంకెలు కొట్టిన అల్యూమినియం బిళ్లలు, వాటిని ఎలక చెవికి బిగించడానికి ఒక పటకారు ఇచ్చారు. తోడుకి ఒక మనిషిని పెట్టుకోమన్నారు. ఎలకల సంగతి తెలిసిన మనిషి మా ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. వెదురుబుట్టలు పెట్టి ఎలకల్ని చంపడమే పనిగా నలభై ఏళ్లు ఆ చేలగట్ల మీద తిరిగినవాడు, నా కన్నతండ్రి.

పని మొదలుపెట్టే ముందు ఆనందరావుగారు చేను చూడడానికి వచ్చి, మాటవరసకి, "ఇందులో ఎన్ని ఉంటాయంటావు?" అని మా నాన్నని అడిగారు. సాయంత్రం కన్నాలన్నీ మట్టితో మూసి, తెల్లారి ఏవి తెరుచుకున్నాయో చూసుకుంటూ రెండ్రోజులు తిరిగిన మా నాన్న, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, "నాలుగొందలకి ఓ ఇరవై తక్కువుంటాయండీ" అన్నాడు. ఆనందరావుగారు మర్యాదగా తలాడించారు. నాకు సిగ్గేసింది. చిలకజోస్యం చెప్పినట్టు ఆ అంకె ఏమిటి?

ఆ రోజు అమ్మ బియ్యం చెరుగుతుంటే పక్కన కూర్చుని ఇద్దరికీ పాఠం చెప్పాను. "మూటలోంచి గుప్పెడు బియ్యం తీసి పసుపు పూసి, లెక్కపెట్టుకుని, మళ్లీ మూటలో పోసి బాగా కలిపెయ్యాలి. తరవాత కళ్లు మూసుకుని ఇంకో గుప్పెడు తియ్యాలి. అందులో పసుపు గింజలు పదికొకటి వచ్చాయనుకో, మొదట పసుపు పూసినవాటికి పదింతలు మూటలో ఉన్నట్టు. అంతే."

"బంగారం లాంటి బియ్యానికి పసుపు పూసి పాడుచేసుకోడం ఎందుకే? కుంచం తెచ్చి కొలుచుకోరాదా?" అంది అమ్మ.

"ఎలకలు కుంచంలో నిలబడవమ్మా."

మా నాన్న మాత్రం శ్రద్ధగా విన్నాడు. "అంటే పసుపు గింజ మళ్లీ చేతిలోకి రావాలన్నమాట."

"రావాలి. రాకపోతే లెక్క లేదు, ఉద్యోగం లేదు. వీరబాబుకి అదే జరిగింది."

"ఎన్నొస్తే అంత మంచిదన్నమాట."

పాలు పొంగుతున్న వాసన వచ్చి వంటింట్లోకి పరిగెడుతూ, "ఆఁ" అన్నాను. ఇంత చదువూ చదివి, ఆ ఒక్క అక్షరం దగ్గర ఆగి మాట్లాడి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

మూడు రోజులు బోనులు పెట్టాం. ఎర ఎండుచేప ముక్క, కాల్చిన కొబ్బరి. బోనులన్నీ నాన్న తెల్లారేసరికి, చేనుకి ఎదురుగా ఉన్న మా చర్చి అరుగు మీద వరసగా పెట్టేవాడు. నేను గుడ్డసంచిలోకి ఎలకని దింపి, చెవి మాత్రం బయటికి లాగి, బిళ్ల బిగించి, పుస్తకంలో నంబరు రాసుకునేదాన్ని. "మన పిల్లకి చెవులు కుట్టించడానికి పదేళ్లు పట్టింది. వీటికి చూడు, మూడు రోజుల్లో అందరికీ కమ్మలు" అని మా అమ్మ అరుగు కిందనుంచి ఒకటే నవ్వు. మొత్తం అరవై. నియమం ప్రకారం ఎక్కడ పట్టినదాన్ని అక్కడే వదలాలి. ఏడో నంబరు ఏ గట్టు దగ్గర పడిందో ఆ గట్టు దగ్గరే వదలాలి. నాన్నకి ఈ నియమం చాలా నచ్చింది. నలభై ఏళ్లలో బతికున్న ఎలకని చేతులారా వదలడం ఆయనకి అదే మొదలు. ఒక్కొక్కదాన్నీ వదిలి, "వెళ్లిరా" అనేవాడు.

తరవాత వారం రోజులు చేను ముట్టుకోకూడదు. గుర్తున్నవీ లేనివీ బాగా కలవాలి. నేను ఇంట్లో కూర్చుని పుస్తకం శుభ్రంగా గీసుకుంటుంటే, మూడో రోజున సత్తిరాజుగారు స్వయంగా మా వీధిలోకి వచ్చారు. మా వీధిలోకి ఆయన రావడమే ఒక వింత. చిన్నప్పటినుంచీ నన్ను "ఏమే అమ్మాయ్" అనే మనిషి, ఆ రోజు గుమ్మం ముందు నిలబడి పద్ధతిగా పిలిచారు.

"లీలావతిగారూ, మీ ఇరవై రెండు మా పైచేలో పడిందండీ."

"నాదేంటండీ? అది మీ చేలో పుట్టిన ఎలకే కదా."

"పుట్టడం మా చేలోనే పుట్టిందండీ, కాదన్లేదు. ముద్రేసింది మీరు కదండీ! ముద్రెవరిదో గొడ్డు వారిదండీ. ఎవరి గొడ్డైనా చేలో పడితే బందెలదొడ్డికి తోలి, తప్పు కట్టించుకుని వదులుతాం. మరి ఎలకని ఎక్కడికి తోలమంటారో మీరే చెప్పండి."

ఊళ్లో బందెలదొడ్డి అంటే తప్పిపోయిన పశువుల్ని కట్టేసే చోటు. అందులో నా ఎలకని కట్టేయాలంటాడు ఈయన. "ముద్ర లేనివి తింటే తప్పు ఎవరు కడతారండీ?" అన్నాను పళ్లు బిగించి.

"అవంటే దిక్కులేనివండీ. వాటినేం అడుగుతాం?" అన్నారు సత్తిరాజుగారు, ఎంతో న్యాయంగా.

ఆయన్ని పంపేసరికి నా గొంతు పోయింది. ఆ మర్నాడే పాపాయమ్మగారు మూత పెట్టిన పాతకుండ ఒకటి ఎత్తుకుని వచ్చింది. ఆవిడ మా వెనకింటి ముసలావిడ. "నీ పధ్నాలుగమ్మా. మా గాదె కింద బిక్కుబిక్కుమంటా తిరుగుతుంది. చెవికి బిళ్ల చూసి, అయ్యో లీలావతిదే కదా, అనుకున్నాను. ఆకలితో ఉందేమోనని గుప్పెడు మెతుకులు కూడా ఏసేను." ఇంకేం చెయ్యను? కుండ తీసుకెళ్లి, పధ్నాలుగు మొదట పడ్డ గట్టు దగ్గరే వదిలి వచ్చాను. కోనసీమలో మర్యాద ఎక్కువంటారు. ఎలకలకి కూడా ఉంటుందని నాకప్పుడే తెలిసింది. నాన్న మాత్రం ఏ నంబరు ఎక్కడ కనబడిందో ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నాడు. అక్కడే నాకు అనుమానం రావలసింది.

రెండోసారి బోనులు పెట్టాం, ఈసారి పడ్డవాటిని లెక్క రాసుకుని వదిలేయడమే. మొదటి రోజు అరుగు మీద పద్దెనిమిది ఎలకలు. పద్దెనిమిదింటికీ బిళ్లలు! నేను ఎగిరి గంతేశాను. వీరబాబుకి ఒక్కటి రాలేదు, నాకు చూడండి అని ఊరంతా వినబడేలా అన్నాను. రెండో రోజు ఇరవై. ఇరవైకీ బిళ్లలే. ఈసారి గంతు వెయ్యలేదు. మూడో రోజు పంతొమ్మిది. మొత్తం యాభై ఏడు, బిళ్ల లేనిది ఒక్కటీ లేదు. అరుగు మీద కూర్చుని లెక్క వేశాను. తీసిన గుప్పెడంతా పసుపు గింజలే అయితే, మూటలో ఉన్నవన్నీ పసుపు గింజలే. పదెకరాల్లో అరవై ఎలకలు! ఎదురుగా సత్తిరాజుగారి చేను మంగలి సగం గీసి వదిలేసిన గడ్డంలా ఉంది. అరవై ఎలకలు అంత పని చెయ్యాలంటే ఒక్కొక్కటీ మేకంత ఉండాలి.

నాన్న తలగుడ్డ నలుపుకుంటూ దగ్గరికి వచ్చాడు. తప్పు చేసినవాడి మొహం.

"మూడు రాలేదమ్మా. పదకొండోదాన్ని పాపాయమ్మగారి పిల్లి తినేసిందంట, బిళ్ల మటుకు ఇచ్చేరు. తక్కిన రెండూ కాలవగట్టు కన్నంలో దూరేయి. రేపటికి తవ్వి తెచ్చేత్తాను. నువ్వేం కంగారుపడకు."

లెక్క పుస్తకం పక్కన పెట్టాను. "తవ్వి తేవడం ఏంటి నాన్నా?" అన్నాను.

"బోనుల్లో మనవి కొన్నే పడుతున్నాయమ్మా. తక్కినయ్యన్నీ పరాయి ఎలకలే. పరాయి ఎలకలు మనకెందుకని వదిలేసి, మనవి ఎక్కడున్నాయో ఎతికి, తవ్వి, అదే బోనులో ఏసేను. నువ్వే అన్నావు కదా, ఎన్నొస్తే అంత మంచిదని! ఊళ్లో ఎవరి దూడ తప్పిపోయినా తోలుకొచ్చి కట్టేత్తాం. కూతురి ఎలకలు తప్పిపోతే ఊరుకుంటానా?"

ఎలక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినవాళ్లున్నారని సామెత. నాకా రోజు ఇంటితో పాటు చర్చికి కూడా పెట్టాలనిపించింది. నాన్న మీద అరిచాను. అరవకూడనివి కూడా అరిచాను. "నీకు చంపడం తప్ప ఏం తెలుసు?" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. తరవాత అరుగు మీదే చతికిలబడి ఆరున్నొక్కరాగం అందుకున్నాను. వీరబాబు ఉద్యోగం ఒక్కటీ రాక పోయింది, నాది అన్నీ వచ్చి పోతోంది. మర్నాడే ఆనందరావుగారు వస్తున్నారు.

నేను ఏడ్చినంతసేపూ నాన్న పక్కనే నిలబడ్డాడు. ఆగాక, మొలలోంచి రెండు చిన్న కట్టలు తీసి నా ముందు పెట్టాడు. కొబ్బరి ఈనె ముక్కలు. బుట్టలు పెట్టే రోజుల్లో ఏ ఆసామి చేలో ఎన్ని పట్టాడో చెప్పడానికి ఎలకకో ఈనె విరిచి మొలలో దోపుకోవడం ఆయనకి అలవాటు. చెయ్యి ఊరుకోదు.

"ఇయ్యి పరాయివి, వదిలేసినయ్యి. ఇయ్యేమో తమంతట తామే బోనులో పడ్డ మనయ్యి. ఎందుకైనా పనికొత్తాయేమో చూడమ్మా."

వదిలేసినవి నలభై ఎనిమిది. తమంతట తామే పడ్డవి తొమ్మిది. కలిపితే యాభై ఏడు. పుస్తకం వెనక అట్ట మీద లెక్క వేశాను. అరవైని యాభై ఏడుతో హెచ్చించి తొమ్మిదితో భాగిస్తే మూడువందల ఎనభై. నాలుగువందలకి ఇరవై తక్కువ.

మళ్లీ వేశాను. మళ్లీ అంతే. నాన్న వైపు చూశాను. ఆయన ఎలకకి తప్పించుకునే దారి ఎటుందా అని చూసే మనిషిలా నా మొహం చూస్తున్నాడు. నాకు మళ్లీ ఏడుపొచ్చింది, ఈసారి వేరే ఏడుపు.

అక్కడ నా బుద్ధి గడ్డి తింది. దాచను. జరిగిందంతా మానేసి, యాభై ఏడు పడ్డాయి, అందులో తొమ్మిదింటికి గుర్తు ఉంది అని శుభ్రంగా రాశాను. అబద్ధం ఒక్క ముక్క లేదు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

మర్నాడు ఆనందరావుగారు కొత్తపేటలో బస్సు దిగి, రిక్షాలో గొడుగు వేసుకుని వచ్చారు. చర్చి అరుగు మీద కూర్చుని పేజీలన్నీ తిప్పారు. మొహం విచ్చుకుంది. "చక్కగా వచ్చిందమ్మా. ఇలాంటి రిపోర్టు ఈ జిల్లాలో ఇదే మొదటిది" అన్నారు. పెన్ను తీసి సంతకం పెట్టబోతూ, "సహాయకుడు అనే చోట ఖాళీగా వదిలావేం?" అని ఆయనే రాయడం మొదలుపెట్టారు. "లాజరు. కూలీ ఒకటి."

కళ్లు మూసుకుని ఊరుకుంటే సరిపోయేది. ఉద్యోగం చేతికందింది. కాని ఆ 'కూలీ' అన్న మాట చూడగానే నాకు ఒళ్లు మండింది, చెప్పాను కదా, పెద్ద కారణం అక్కర్లేదని.

"కూలీ కాదండీ! మీరిచ్చిన ఎనభై బోనులు పెట్టి నేను తేల్చిన అంకె ఆయన మొదటి రోజే చెప్పాడు. పదెకరాల్లో ఏ నంబరు ఎలక ఏ కన్నంలో ఉందో తెలిసిన మనిషండీ. కావాలంటే వెళ్లి పట్టుకొస్తాడు. పట్టుకొచ్చాడు కూడా!"

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆనందరావుగారు పెన్నుకి క్యాపు పెట్టేశారు. "పట్టుకురావడమేమిటి?" అన్నారు నెమ్మదిగా.

ఇక దాచేదేముంది? 'ఆఁ' దగ్గర్నుంచి ఈనెపుల్లల దాకా అంతా చెప్పేశాను. బందెలదొడ్డి కూడా చెప్పాను. ఆయన నవ్వలేదు. రిపోర్టు మూసి పక్కన పెట్టారు. నాకు కళ్ల ముందు కొబ్బరికాయల లారీ కనబడింది. నాన్న అరుగు దిగి, తలగుడ్డ తీసి నిలబడి, "తప్పు నాదేనండీ. పిల్లకేం తెలీదండీ" అన్నాడు.

"ఈ లెక్క చెల్లదు. గుర్తున్నవాటిని తవ్వి బోనులో వేస్తే ఇక సర్వే ఎందుకు? మూడు రోజులు నేనే ఉండి మళ్లీ పెట్టిస్తాను. లాజరు మాత్రం ఈ మూడు రోజులూ చేను వైపు రాకూడదు" అన్నారు ఆనందరావుగారు.

ఆ మూడు రోజులూ బోనులు నేనూ ఆయనా మోశాం. ఆయన గొడుగు మడిచి గట్టు మీద పాతి, పంచె ఎగ్గట్టి, రెండుసార్లు కాలవలో జారిపడ్డారు. నాన్న చర్చి అరుగు మీద కూర్చున్నాడు. కూర్చోమంటే కూర్చున్నాడు గాని, మేం వెళ్తుంటే చూపుడువేలు ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పుతాడు. "చూపించకూడదు నాన్నా" అని అరవాల్సి వచ్చింది. చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాడు.

మూడో రోజుకి పడ్డవి యాభై. అందులో బిళ్లలున్నవి ఎనిమిది. ఆనందరావుగారు తన చేత్తో లెక్క వేసి, కాగితం చాలాసేపు చూసి, నాన్నని పిలిచారు. "మూడువందల డెబ్బై ఐదు వచ్చిందయ్యా. నువ్వు మూడువందల ఎనభై అన్నావు. ఐదు తేడా ఉంది."

నాన్న ఆలోచించాడు. "అందులో ఒకటి పాపాయమ్మగారి పిల్లి తిందండీ. తక్కిన నాలుగూ నాకు తెలీదండీ" అన్నాడు సిగ్గుపడుతూ.

అప్పుడు నవ్వారు ఆనందరావుగారు. నవ్వి నవ్వి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. రిపోర్టులో 'కూలీ' అన్న మాట కొట్టేసి, దాని పైన 'లాజరు గారు, ఎలకల సంగతి తెలిసిన మనిషి' అని రాశారు. జరిగిన పొరపాటు కూడా పూర్తిగా రాయమన్నారు. రాశాను. సంతకం పెట్టారు.

వానలు పడ్డాక పర్మనెంటు ఆర్డరు వచ్చింది. పోస్టింగు అనంతపురం. అక్కడ వేరుశనగ చేలల్లో ఎలకల్ని లెక్కపెట్టాలి. అనంతపురం ఎంత దూరమో మా అమ్మకి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. పాపాయమ్మగారు దారిలో తినమని సున్నుండలు కట్టింది. సత్తిరాజుగారు కనబడి, "ఎల్లిరండి లీలావతిగారూ, మీ ఇరవై రెండుని మేం చూసుకుంటాం లెండి" అన్నారు.

కొత్తపేట బస్టాండుకి నాన్న ఒక్కడే వచ్చాడు. ఆఫీసువాళ్లిచ్చిన గుర్తింపు కార్డు నా మెడలో ఉంది. ఫోటో, దాని కింద అంకె. నాన్న కార్డు చేతిలోకి తీసుకుని దూరంగా పెట్టి చూశాడు.

"నీకూ నంబరేసేరా అమ్మా?"

"వేశారు నాన్నా. నూట నలభై రెండు."

"పోన్లే. ఎక్కడ తప్పిపోయినా చూసినోళ్లు తెచ్చి అప్పజెబుతారు."

"ఎవరికి అప్పజెబుతారు? నీకా, ఆఫీసుకా?"

ఆయన కార్డు మీది అంకెని బొటనవేలితో తుడిచాడు. "పుట్టడం మా చేలోనే పుట్టేవు. ముద్రేసింది ఆళ్లు కదమ్మా" అన్నాడు. నవ్వుతూనే అని, కార్డుని నా చీర మీద సరిగ్గా సర్దాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను. జీవితంలో మొదటిసారి అది రాలేదు.

బస్సు కదలబోతుంటే కిటికీలోంచి ఆయన చెయ్యి పట్టుకుని, "రూలు మర్చిపోయావా నాన్నా? ఎక్కడ పట్టినదాన్ని అక్కడే వదలాలి" అన్నాను.

"ఆయ్" అన్నాడు మా నాన్న. బస్సుతో పాటు నాలుగడుగులు నడిచి, చెయ్యి వదిలాడు.

"వెళ్లిరా" అన్నాడు.